కోడిపిల్లకు తల్లి కావాలంటే

బెంగళూరు నుంచి హోసూరు వైపు వెళ్తుంటే కర్ణాటక ముగిసే చోట అత్తిబెలె వస్తుంది. రాగి చేల పక్కన ఫ్యాక్టరీలు, వాటి పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు. చాలా ఇళ్లలో తెలుగు, బజారులో కన్నడం, చెక్‌పోస్టు దాటితే తమిళం. ఇలాంటి శివారు ఊళ్ల సంతల్లో, జాతరల్లో అట్టపెట్టె నిండా గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగుల కోడిపిల్లలు కిచకిచలాడుతూ ఉంటాయి. పిల్లలు మారాం చేస్తారు, పెద్దవాళ్లు కొనిస్తారు. ఆ తర్వాత కథ చాలా ఇళ్లలో ఒకేలా నడుస్తుంది. ఎక్కువ పిల్లలు వారం తిరక్కుండానే చచ్చిపోతాయి. బతికినవాటి రంగు నెల రోజుల్లో మాయమవుతుంది. ఇంకా బతికితే, గుడ్లు పెడుతుందనుకున్నది పుంజుగా తేలుతుంది.

పుంజులే ఎందుకు వస్తాయి? రంగు ఎటు పోతుంది? అన్నిటికన్నా ముఖ్యంగా, అంత చురుగ్గా కనిపించిన పిల్ల మూడో రోజుకే ఎందుకు తల వాల్చేస్తుంది? ఈ మూడింటికీ జవాబులు తెలిస్తే కోడిపిల్లను గుర్తుపట్టడమూ పెంచడమూ రెండూ తెలిసినట్టే.

పుంజులే ఎందుకు?

అత్తిబెలె మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణగిరి, సేలం దాటి నామక్కల్ చేరుతుంది. గుడ్ల ఉత్పత్తికి నామక్కల్ దేశంలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటి. గుడ్ల కోసం పెంచే తెల్ల లెగ్‌హార్న్ రకం పెట్ట ఏడాదికి దాదాపు 300 గుడ్లు పెడుతుంది. అయితే ఆ పెట్టలను పుట్టించే హేచరీల్లో పొదిగిన పిల్లల్లో సగం మగవే. అవి గుడ్లు పెట్టవు. మాంసానికి పెంచుదామంటే ఆ రకానికి ఒళ్లు పట్టదు, మేత ఖర్చు కూడా రాదు. అందుకే పుట్టిన రోజే వాటిని వేరు చేస్తారు. చాలావాటిని అక్కడే చంపేస్తారు. కొన్ని చిల్లర వ్యాపారుల చేతికి వస్తాయి, రంగు పూసుకుని సంతకు చేరతాయి. జర్మనీ 2022 జనవరి నుంచి ఇలా పుట్టిన రోజునే చంపడాన్ని చట్టంతో ఆపేసింది. అక్కడ గుడ్డులో ఉండగానే ఆడా మగా తేల్చే యంత్రాలు వాడుకలోకి వచ్చాయి.

ఒకరోజు పిల్లలో ఆడా మగా తేడా కంటికి కనిపించదు. దాన్ని కనిపెట్టే పద్ధతిని 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు కియోషి మసూయి, హషిమోటో వెలుగులోకి తెచ్చారు. రెట్ట వచ్చే దారిని మెల్లగా విప్పి చూస్తే మగపిల్లల్లో ఆవగింజలో సగమంత బుడిపె ఉంటుంది. కొన్ని ఆడపిల్లల్లోనూ అలాంటిదే కనిపిస్తుంది, అక్కడే అసలు చిక్కు. తర్ఫీదు పొందినవాళ్లు గంటకు వెయ్యి దాకా పిల్లలను దాదాపు తప్పు లేకుండా వేరు చేస్తారు. తెలియనివాళ్లు ప్రయత్నిస్తే పిల్ల పేగు చీలిపోవచ్చు. ఇంట్లో ఆ పని వద్దే వద్దు.

రంగును బట్టి చెప్పే దారి ఒకటుంది, దాని వెనక జన్యుశాస్త్రం చాలా అందంగా ఉంటుంది. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము తేలుస్తుంది. కోళ్లలో తల్లి తేలుస్తుంది. పుంజుకు రెండూ జడ్ క్రోమోజోములే, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. తల్లి తన జడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు డబ్ల్యూ ఇస్తుంది. తెల్లదనాన్ని తెచ్చే ఒక జన్యువు ఈ జడ్ మీదే ఉంది. ఆ జన్యువున్న తెల్ల పెట్టను ఎర్రగోధుమ రంగు పుంజుతో కలిపితే తెల్లదనం కొడుకులకే చేరుతుంది. లేత పసుపు పిల్లలన్నీ పుంజులు, గోధుమ రంగువన్నీ పెట్టలు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో తిండికి కటకట వచ్చినప్పుడు జన్యుశాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పన్నెట్ ఈ కిటుకును వాడుకోమన్నాడు. గోధుమ రంగు గుడ్లు పెట్టే కోళ్ల హేచరీల్లో ఇప్పటికీ ఇది వాడుకలో ఉంది. అయితే తల్లిదండ్రుల జాతులు కచ్చితంగా తెలిసినప్పుడే ఇది పనిచేస్తుంది. ఊరి నాటుకోళ్లలో పనిచేయదు.

కోలగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందన్న మాట చాలా ఊళ్లలో వింటాం. గుడ్డు ఆకారం తల్లి గర్భనాళాన్ని బట్టి వస్తుంది, లోపలి పిల్లతో దానికి సంబంధం లేదు. ఇంట్లో పెంచేవాళ్లకు నమ్మకమైన గుర్తు కాలమే ఇస్తుంది. ఐదారు వారాలకు పుంజుల తురాయి ఎర్రబడి పెద్దదవుతుంది, పెట్టలది లేత రంగులో చిన్నగా ఉంటుంది. మూడు నెలలకు పుంజు నడుము మీద సన్నగా, కొనదేలిన మెరిసే ఈకలు వేలాడతాయి. పెట్టకు అక్కడ గుండ్రటి అంచు ఈకలే. ఆ తర్వాత కూత మొదలవుతుంది. వెలుగు చూసి కోడి కూస్తుందని అనుకుంటాం కానీ, మసక వెలుతురు మారకుండా ఉంచిన గదిలో కూడా పుంజులు తెల్లవారే వేళకు కాస్త ముందే కూస్తాయని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. గడియారం వాటి ఒంట్లోనే ఉంది. అపార్ట్‌మెంటులో పెంచుదామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

నూగు పోయి ఈక వచ్చే దారి

పుట్టినప్పుడు పిల్ల ఒంటి మీద ఉండేది నూగు. రంగు పట్టేది ఆ నూగుకే. రోజుల్లోనే చర్మంలోని అదే గుంట నుంచి అసలు ఈక మొలుస్తుంది. మొలుస్తూ తన కొన మీద పాత నూగును మోసుకుని పైకి తోస్తుంది. కొంతకాలానికి నూగు రాలిపోతుంది, దాంతోపాటే రంగూ పోతుంది. డేగ, కాకి, నెమలి అంటూ పుంజులకు ఈక రంగును బట్టి పేర్లు పెట్టే గోదావరి జిల్లాల వాళ్లు కూడా నూగు దశలో ఆ పేరు పెట్టలేరు.

ఈ మార్పు ఒక వరుసలో జరుగుతుంది. అందుకే పిల్ల వయసు చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

~ వయసు ఎలా చెప్పాలి? ~
ముక్కు కొన మీద తెల్లటి చిన్న మొన ఉందంటే పిల్లకు ఇంకా కొద్ది రోజులే. గుడ్డు పెంకు పగలగొట్టుకు రావడానికే అది పుడుతుంది, పని అయ్యాక ఊడిపోతుంది. ఒళ్లంతా నూగు, రెక్క అంచున మాత్రమే ఈకలు ఉంటే మొదటి వారం. తోక, భుజాల మీద ఈకలు మొదలైతే రెండో వారం. రొమ్ము, వీపు నిండుతూ ఉంటే మూడు నాలుగు వారాలు. తల, మెడ అన్నిటికన్నా చివర. అక్కడా నూగు పోతే ఐదారు వారాలు దాటినట్టే.

ఏ కోడి ఇది?

లేత పసుపు నూగు, సన్నటి కాళ్లు, చలాకీ నడక ఉంటే లెగ్‌హార్న్ అయ్యే అవకాశం ఎక్కువ. అదే పసుపు రంగు, మందపాటి కాళ్లు, వెడల్పు రొమ్ము, మేత ముందే కూలబడే అలవాటు ఉంటే బ్రాయిలర్. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా దాన్ని పుట్టించారు. ఎముకలు, గుండె ఆ వేగాన్ని తట్టుకోలేవు. పెంపుడు కోడిగా ఏళ్ల తరబడి బతకాలని ఆశించడం ఆ ప్రాణి మీద భారమే. వీపు మీద గోధుమ, నలుపు చారలుంటే నాటుపిల్ల కావచ్చు. అడవికోడి పిల్లలకు ఎండుటాకుల్లో కనబడకుండా దాక్కోవడానికి వచ్చిన చారలవి. కాళ్లు, ముక్కు, చర్మం నల్లగా ఉంటే మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్‌ను అనుమానించాలి.

కొత్తగా పెంచేవాళ్లకు పెరటి కోసం రూపొందించిన రకాలు మేలు. బెంగళూరు హెబ్బాళ్‌లోని కోళ్ల శాస్త్ర విభాగం గిరిరాజను తయారుచేసింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియలను తెచ్చింది. గిరిరాజ, వనరాజ గుడ్డుకూ మాంసానికీ పనికొస్తాయి. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం. మూడూ రంగురంగుల ఈకలతో నాటుకోళ్లలాగే ఉంటాయి, తిరిగి మేసి బతకగలవు. హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థలో పెంపకం మీద శిక్షణ కూడా ఇస్తారు.

దొరికిన పిల్ల అసలు కోడిదేనా అన్న ప్రశ్న కూడా ఈ ప్రాంతంలో అవసరమే. అత్తిబెలె ఉన్న ఆనేకల్ తాలూకా చెరువు గట్ల మీద, బీడు పొలాల్లో తీతువు పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది. దాని పిల్లలూ పుట్టిన రోజే లేచి పరుగెత్తుతాయి. పొడుగాటి కాళ్లు, వీపు మీద మచ్చలు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉంటాయి. కౌజు పిల్లలు, నెమలి పిల్లలూ ఇలాగే నూగుతో నడుస్తూ కనిపిస్తాయి. కాకి, పావురం పిల్లలు కళ్లు తెరవకుండా గూట్లో పడి ఉంటాయి కాబట్టి వాటితో పొరపడం. పొలంలో ఒంటరిగా కనిపించిన మచ్చల పిల్ల తప్పిపోయింది కాదు, తల్లి ఎక్కడో దగ్గర్లోనే అరుస్తూ ఉంటుంది. దాన్ని ఉన్నచోటే వదిలేయాలి. అడవి పక్షులను పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

తల్లి లేని పిల్లకు ఏం తక్కువ?

ఇప్పుడు అసలు ప్రశ్న. పుట్టిన రోజే కళ్లు తెరిచి, నడిచి, ముక్కుతో పొడిచి తినగలిగే ప్రాణి అంత సులువుగా ఎందుకు చనిపోతుంది?

కోడిపిల్ల చూడటానికే పూర్తయిన ప్రాణి. గుడ్డులో 21 రోజులు జరిగిన పని పెంకు పగలడంతో ఆగదు. మిగతాది తల్లికోడి రెక్కల కింద జరుగుతుంది. హేచరీలో పుట్టిన పిల్ల తన జీవితంలో పెద్దకోడిని చూసే ఉండదు. కొనుక్కొచ్చినవాళ్ల చేతికి వచ్చేది ఆ మిగిలిన పని. పిల్లను ముద్దు చేయడం కన్నా ఆ పని ఏమిటో తెలుసుకోవడం ముఖ్యం.

మొదటిది వెచ్చదనం. పెద్దకోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. అప్పుడే పుట్టిన పిల్ల బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. పెద్ద గిన్నెలో కాఫీ కన్నా చిన్న గ్లాసులో కాఫీ త్వరగా చల్లారినట్టే, ఇంత చిన్న ఒంట్లో పుట్టిన వేడి చుట్టూ ఉన్న గాలిలోకి తొందరగా పోతుంది. మనుషుల పసిపిల్లల వీపు మీద వేడి పుట్టించే ప్రత్యేకమైన కొవ్వు ఉంటుంది, పక్షులకు అది లేదు. కండరాలు వణికి వేడి పుట్టించాలి, ఆ కండరాలు ఇంకా ముదరలేదు. నూగు కాస్త ఆపుతుంది కానీ తడిస్తే అదీ పనిచేయదు. రంగు నీళ్లలో ముంచి తీసిన పిల్ల పరిస్థితి ఊహించుకోండి. ఒంటి వేడి పడిపోగానే అరుగుదల మందగిస్తుంది, తినడం మానేస్తుంది, తినకపోతే వేడి పుట్టించే ఇంధనం ఉండదు. ఈ వలయం మొదలయ్యాక కొన్ని గంటలే మిగులుతాయి.

సంతలో అది చురుగ్గా కనిపించడానికి కారణం దాని పొట్టలో ఉంది. పుట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు మిగిలిన పచ్చసొన మొత్తం పిల్ల కడుపులోకి చేరుతుంది. అది రెండు మూడు రోజులు ఆకలి దప్పులు ఆపుతుంది. నిజానికి ఒకరోజు పిల్లలను పెట్టెల్లో దూర ప్రాంతాలకు పంపే వ్యాపారమంతా ఈ పచ్చసొన మీదే నిలబడింది. అమెరికాలో 1918 నుంచి పోస్టులోనే పంపారు. ఆ నిల్వ అయిపోయే రోజు, చలి పట్టే రోజు ఒకటైతే పిల్ల బతకదు. కొన్న మూడో రోజున ఇంట్లో వాళ్లు చూసేది అదే.

అత్తిబెలె సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది. పిల్లకు కావలసింది 35. ఈ తేడాను పూడ్చడానికి చాలామంది అట్టపెట్టెలో బల్బు పెడతారు. అది మంచి పనే, బల్బు పాత రకందైతే. పాత ఫిలమెంటు బల్బు తీసుకున్న కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే వదులుతుంది. దాని లోపమే పిల్లకు వరం. ఇప్పుడు ఇళ్లలో ఉన్న ఎల్‌ఈడీ బల్బు వెలుగునిస్తుంది, పిల్లను కాచేంత వేడినివ్వదు. దాని కింద పిల్ల వెలుతురులోనే చలికి పోతుంది. పాత బల్బు దొరక్కపోతే వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్లు పెంపుడు జంతువుల దుకాణాల్లో ఉంటాయి. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఓ పక్క ఉంచాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు, అందులోంచి వచ్చే విషవాయువు పిల్లనూ మనుషులనూ చంపగలదు.

~ ఎంత వేడి, ఎన్నాళ్లు? ~
మొదటి వారం పిల్లలు కూర్చునే ఎత్తులో 35 డిగ్రీలు. ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. ఐదో వారానికి 23 దగ్గరకు వస్తే చాలు. వేడి పెట్టెలో ఒక పక్కనే ఉండాలి, రెండో పక్క చల్లగా ఉండాలి, ఎక్కడ ఉండాలో పిల్లే ఎంచుకుంటుంది. థర్మామీటరు లేకపోయినా పిల్లలు చెబుతాయి. బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. నోరు తెరిచి, రెక్కలు చాచి దూరంగా మూలకు పోతే వేడి ఎక్కువ. పెట్టె అంతటా చెదిరి తింటూ పడుకుంటూ ఉంటే సరిపోయింది. గొంతు కూడా వినాలి. బాధలో ఉన్న పిల్ల గట్టిగా, పైనుంచి కిందికి జారే స్వరంతో ఆగకుండా అరుస్తుంది. తృప్తిగా ఉన్నది సన్నగా, పైకి లేచే స్వరంతో కులికినట్టు కూస్తుంది.

నేల మీద పాత పేపరు వేయడం చాలామంది చేసే పొరపాటు. నున్నటి కాగితం మీద కాళ్లు పక్కలకు జారిపోతాయి, ఆ వయసులో కీళ్లు అలాగే బిగుసుకుంటే పిల్ల మళ్లీ నిలబడలేదు. వరి ఊక రెండంగుళాలు పరిస్తే కాళ్లకు పట్టు ఉంటుంది, తడీ పీలుస్తుంది.

నీళ్లు ముందు, మేత తర్వాత

నీళ్లను చూసి గుర్తుపట్టే తెలివి పిల్లకు పుట్టుకతో రాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటన్‌లో లాయిడ్ మోర్గాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. నీళ్లలో నిలబడి కూడా దాహంతో ఉన్న పిల్ల తాగదు. అనుకోకుండా ముక్కు తగిలిన క్షణంలో తలెత్తి మింగడం మొదలుపెడుతుంది. కాబట్టి ఇంటికి తేగానే ఒక్కసారి ముక్కు కొనను గోరువెచ్చని నీళ్లలో ముంచాలి. పళ్లెం లోతుగా ఉంటే పిల్ల మునిగిపోతుంది, గులకరాళ్లు వేస్తే ఆ భయం ఉండదు. మేత దగ్గర తల్లికోడి గింజను పొడిచి, వదిలి, కుక్‌కుక్ అని పిలుస్తుంది. మన వేలి గోరుతో మేత మీద తడితే పిల్ల అదే పిలుపనుకుని పరుగెత్తుకొస్తుంది.

ఈ ప్రాంతంలో రాగులు, నూకలు చేతికందేవి. అవే పెట్టేస్తే చాలదు. తొలి వారాల్లో ఈకలు, కండ, ఎముక మూడూ ఒకేసారి కట్టుకునే పిల్లకు మేతలో ఐదో వంతు మాంసకృత్తులు కావాలి. రాగుల్లో అందులో సగం కూడా ఉండవు. చిక్ స్టార్టర్ పేరుతో దొరికే దాణా ఎనిమిది వారాల దాకా ప్రధాన మేతగా ఉండాలి. ఇంట్లో గుడ్లు పెట్టే కోళ్ల దాణా ఉంది కదా అని అది పెట్టకూడదు. పెంకు కోసం అందులో సున్నం ఎక్కువగా కలుపుతారు, పిల్ల మూత్రపిండాలు దాన్ని తట్టుకోలేక పాడవుతాయి. గింజలు మొదలుపెట్టాక సన్న ఇసుక రవ్వలు అందుబాటులో ఉంచాలి. కోడికి పళ్లు లేవు, కందనకాయలో ఆ రవ్వలే గింజను నూరతాయి.

కంటికి కనిపించని వారసత్వం

తల్లికోడి ఇచ్చేవాటిలో చాలాకాలం ఎవరికీ తెలియనిది ఒకటుంది. 1973లో ఫిన్లాండ్‌కు చెందిన నూర్మి, రంటాలా ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులను అప్పుడే పుట్టిన పిల్లలకు ఇచ్చారు. ఆ పిల్లల పేగుల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా స్థిరపడలేకపోయింది. పెద్దకోడి రెట్టలో, ఊకలో పొడుచుకుంటూ పిల్ల మంచి సూక్ష్మజీవులను తెచ్చుకుంటుంది, అవి స్థలం ఆక్రమించి చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయి. హేచరీ పిల్ల పేగు దాదాపు ఖాళీ ఇల్లు. అందుకే దానికి మురికి నీళ్లు అంత ప్రమాదం. పెద్దకోళ్ల రెట్ట తెచ్చి వేయమని కాదు, అందులో జబ్బులూ ఉంటాయి. నీళ్లు రోజూ మార్చడం, పళ్లెం కడగడం, పిల్లను ముట్టుకున్నాక చిన్నపిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించడం మన చేతిలో ఉన్నవి.

మూడో వారం తర్వాత రెట్టలో నెత్తురు కనిపిస్తే అది కాక్సీడియా అనే పరాన్నజీవి పని. రెట్టతో బయటపడ్డ దాని గుడ్లు తడి, వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లో ముదిరి అంటుకునే స్థితికి వస్తాయి. పొడి ఊకలో ముదరవు. వానాకాలంలో తడిసిన ఊకను అప్పటికప్పుడు తీసేయడం మందు కన్నా ముందు చేయాల్సిన పని. నెత్తురు కనిపించాక మాత్రం ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.

మన ఊళ్లలో కొక్కెర తెగులు అనే రాణిఖేత్ జబ్బుకు ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని ఒక కొండ పట్టణం పేరు వచ్చింది. పాకిందంటే ఊళ్లో కోళ్లన్నిటినీ ఊడ్చేయగలదు. దీనికి మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క మందు వేస్తారు, నాలుగో వారంలో మళ్లీ వేస్తారు. రెండో వారంలో గుంబోరో అనే జబ్బుకు టీకా. మారెక్స్ జబ్బు టీకా హేచరీలో పుట్టిన రోజే వేస్తేనే ఫలితం. ఈ మందులు ఎక్కువ డోసుల సీసాల్లో, చల్లటి పెట్టెలో నిల్వ చేసి వస్తాయి. ఒకటి రెండు పిల్లల కోసం విడిగా తెచ్చుకోవడం కష్టం. టీకాలు వేసిన నాలుగు వారాల పిల్లలను నమ్మకమైన చోట కొనడమే మొదటిసారి పెంచేవాళ్లకు తెలివైన పని.

ఎవరి వెంట నడుస్తుంది?

1870ల మొదట్లో డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆంగ్లేయుడు గుడ్డు నుంచి బయటపడుతున్న పిల్లల తలలకు ముసుగులు తొడిగి, ఏమీ చూడకుండా కొన్ని రోజులు ఉంచి, తర్వాత తీశాడు. పుట్టిన వెంటనే చూడనిచ్చిన పిల్లలు అతని వెంట పడేవి, నాలుగో రోజున ముసుగు తీసిన పిల్ల అతన్ని చూసి భయంతో పారిపోయింది. తల్లిని గుర్తుపెట్టుకునే తలుపు కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. చీకట్లో పొదిగిన, ఇంతవరకూ ఏదీ చూడని పిల్లలు కూడా ప్రాణి నడకను పోలిన చుక్కల కదలిక వైపు మొగ్గు చూపుతాయని 2005లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ఎవరి కోసం వెతకాలో కొంత ముందే మెదడులో రాసి ఉంది. ఎవరన్నది మొదటి చూపులు నింపుతాయి.

అందుకే ఒంటరి పిల్ల మనిషి వెంటే తిరుగుతుంది, మనిషి గది దాటగానే అరుపు ఎత్తుకుంటుంది. చూడటానికి ముచ్చటగా ఉన్నా అది ఆ పిల్లకు బాధే. ఒక్కదాన్ని ఎప్పుడూ కొనకూడదు, కనీసం రెండు మూడు కలిపి తేవాలి. గుంపులో ఉంటే ఒకదాని వేడి మరొకదానికి, ఒకటి పొడిచిన గింజ మరొకదానికి పాఠం.

ఆరో వారానికి ఈకలు నిండి వేడి అవసరం తీరాక పగలు బయటికి వదలొచ్చు. ఆకాశంలో గద్దలు, నేల మీద ముంగిసలు, పిల్లులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి పైన వల, పక్కల సన్న కన్నుల జాలీ కావాలి. వెడల్పు కన్నుల కంచెలోంచి ముంగిస దూరుతుంది. సాయంత్రం చీకటి పడక ముందే గంప కిందకో గూట్లోకో చేర్చి, నేలకు అడుగు ఎత్తున ఒక కర్ర అడ్డంగా కట్టాలి. మొదటి రాత్రులు పిల్లలు కింద ఒక మూలన ముద్దగా పడుకుంటాయి. కొన్ని రోజులకు వాటంతట అవే కర్ర ఎక్కి పక్కపక్కన కూర్చోవడం నేర్చుకుంటాయి.